ఆ ఇంట్లో నేనే ఉంటున్నానని పెట్టిన సంతకం

ప్రియ సహోదరీ సహోదరులారా, నా సాక్ష్యం చెప్పే ముందు, నా గురించి మన సంఘంలో తిరుగుతున్న కొన్ని మాటలను సరిచేయవలసి ఉంది. మునిసిపల్ అధికారి నా ప్రార్థనకు కరిగి బకాయి అంతా మాఫీ చేశాడని కొందరు చెబుతున్నారు. అది నిజం కాదు, ప్రతి రూపాయీ నేను కట్టాను. నా ఇంట్లో అద్దెకుండే మేరీ కూతురి దగ్గు ప్రార్థన చేసిన క్షణంలోనే ఆగిపోయిందని మరికొందరు అంటున్నారు. ఆ దగ్గు తెప్పించిన మిరపకాయల బస్తాలు ఇల్లు దాటింది కూడా ఆ వారంలోనే గనుక, ఏళ్ల తరబడి కెమిస్ట్రీ పాఠం చెప్పిన మనిషిగా దాన్ని నేను రుజువు అనలేను. నిశ్చయంగా చెప్పగలిగింది ఒక్కటే: నేనొక అబద్ధంలో ఏడేళ్లు బతికాను, దేవుడు నన్ను అందులోంచి బయటికి లాగాడు.

అప్పట్లో దర్శిలో ఒక జూనియర్ కాలేజీలో పనిచేస్తూ, అక్కడే అద్దెకుండేవాణ్ణి. రిటైరయ్యాక ఆసరాగా ఉంటుందని బ్యాంకు లోను తీసుకుని, గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం అంచున రెండు వాటాల ఇల్లు కొన్నాను. ఇంటి పన్నుకు దరఖాస్తు రాసిపెట్టిన అర్జీల ఆయన, ఆఫీసు బయట చెట్టుకింద కూర్చుని, "ఓనరే కాపురముంటున్నాడని రాద్దామా మాస్టారూ? పన్ను తగ్గుద్ది, అందరూ అట్టానే రాస్తారు" అన్నాడు. బ్యూరెట్ రీడింగు కళ్లతో చూడకుండా రాసిన విద్యార్థి రికార్డును విసిరికొట్టే నేను, ఒక్క రాత్రీ పడుకోని ఇంట్లో కాపురముంటున్నానని ఉన్న కాగితాన్ని పూర్తిగా చదివి మరీ సంతకం పెట్టాను. అక్కడ సొంత నివాసమని రాశాను గనుక ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులోనూ అదే రాశాను, అక్కడ అలా రాశాను గనుక అద్దె చూపలేదు, అద్దె చూపలేదు గనుక అద్దె ఒప్పందం కాగితం రాసుకోలేదు.

వెనక వాటాలో మేరీ అనే నర్సు, రెండేళ్ల కూతురితో ఉండేది. ముందు వాటాలోకి కోటేశ్వరరావు అనే మిర్చి వ్యాపారి, కుటుంబంతో వస్తానని చెప్పి చేరాడు. కుటుంబం రాలేదు, బస్తాలు వచ్చాయి. గుంటూరు యార్డులో ధర పెరిగేదాకా సరుకు అక్కడే అట్టిపెట్టి, వరండాలో ఆడకూలీలను కూర్చోబెట్టి తొడిమలు తీయించేవాడు. నేను శనివారాలు బస్సు దిగి వెళితే సందు మొదట్లోనే తుమ్ములు మొదలయ్యేవి. ఆ పసిపిల్ల దగ్గి దగ్గి వాంతి చేసుకునేది. "అన్నయ్యగారూ, కిటికీలకు తడిగుడ్డలు కట్టుకుంటున్నాను. ఇట్టాగే ఉంటే పిల్లకు ఉబ్బసం ముదురుతుందని డాక్టరుగారు చెప్పారు. నాకు ఈ అద్దెకు ఇంకో ఇల్లు దొరకదు" అని మేరీ నా ముందు నిలబడి చెప్పిన రోజు, కోటేశ్వరరావును ఖాళీ చేయమన్నాను.

అతను నవ్వాడు. "ఒప్పందం కాగితం చూపించండి మాస్టారూ. లేదుగా? ఆఫీసు పుస్తకంలో ఈ ఇంట్లో ఉండేది మీరేగా? అయితే ఈ మిరపకాయలూ మీవే" అన్నాడు.

అన్నంత పనీ అయింది. ఎవరో ఫిర్యాదు చేస్తే మునిసిపాలిటీ వారు తనిఖీకి వచ్చి, ఇంటిని గోడౌనుగా లెక్కగట్టి, పన్ను బకాయి నోటీసు నా పేరునే పంపారు. ఆ తర్వాత నేను తిరిగిన తిరుగుడు తలచుకుంటే ఇప్పటికీ విసుగొస్తుంది. కరెంటు ఆఫీసువారు మీటరును వ్యాపారం కింద మార్చి, ముందు మునిసిపాలిటీలో తేల్చుకు రమ్మన్నారు. మునిసిపాలిటీ వారు ముందు ఇల్లు ఖాళీ చేయించమన్నారు. ఖాళీ చేయించడానికి వకీలు ఒప్పందం అడిగాడు. ఆడిటరు, అసలు ఆ ఇంట్లో ఎవరుంటున్నారండీ అని అడిగాడు. అర్జీల ఆయన మాత్రం తేలిగ్గా, "మీ సొంత చేలో పండిన కాయలని రాసివ్వండి, అప్పుడది వ్యాపారం కాదు, సరిపోద్ది" అన్నాడు. నాకు చేను లేదు. అయినా, సహోదరులారా, అతను రాసిన ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

నా భార్య సుశీల అది చదివి, "మందిరంలో ఎవరు సాక్ష్యం చెప్పినా ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారని నిలదీస్తారే, మరి మిమ్మల్ని ఎవరు నిలదీయాలండీ?" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను మోకరించి చేసిన ప్రార్థన చాలా చిన్నది: "ప్రభువా, అబద్ధం నాది, దగ్గు ఆ బిడ్డది. ఈ రెండో కాగితం మీద సంతకం పెట్టకుండా నా చేయి పట్టుకో." ఏ స్వరమూ వినబడలేదు, ఏ వెలుగూ కనబడలేదు. చేయి మాత్రం కదలలేదు. నా మాట కాపాడుకోవడానికి ఎప్పుడూ ఏదో ఒక వాదన దొరికే నాకు ఆ రోజు ఒక్కటీ దొరకలేదు, దాన్ని నేను దేవుని కార్యమనే నమ్ముతున్నాను.

సోమవారం సెలవు పెట్టి మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి, ఆ ఇంట్లో నేను ఎన్నడూ లేనని, ఎవరెవరు ఎప్పటినుంచి ఎంత అద్దెకు ఉన్నారో రాసిచ్చాను. గుమాస్తా రెండుసార్లు చదివి, "పన్ను తగ్గించమని రోజూ వస్తారండీ, పెంచమని వచ్చింది మీరొక్కరే. ఒంట్లో బాగానే ఉందా మాస్టారూ?" అన్నాడు. కాలేజీలో ఈ సంగతి తెలిసి, ఎంత పరువు పోతుందని భయపడ్డానో అంతా పోయింది. కానీ ఉంటున్నవాడి పేరు పుస్తకంలోకి ఎక్కగానే, లైసెన్సు లేకుండా సరుకు నిల్వచేసినందుకు నోటీసు కోటేశ్వరరావుకు వెళ్లింది. వారం తిరక్కుండా బస్తాలు లారీ ఎక్కాయి. మేరీ కిటికీల గుడ్డలు విప్పేసింది. ఆడిటరు పాత సంవత్సరాల అద్దెలు చూపించి, అందులోంచి కట్టిన ఇంటి పన్ను, మరమ్మతుల కింద చట్టం ఒప్పుకునే భాగం, లోను వడ్డీ తీసేస్తే, తేలిన ఇన్‌కమ్ టాక్స్ నేను భయపడినదానిలో చిన్న ముక్క. ఇంత కొంచెం మిగుల్చుకోవడానికా అన్నేళ్లు అబద్ధమాడానని నామీద నాకే చిరాకేసింది.

నన్ను పట్టి ఆపిన దేవునికి కృతజ్ఞతలు చెల్లిస్తున్నాను. మీలో ఎవరైనా ఇటువంటి కాగితం మీద సంతకం పెట్టి ఉంటే, ఆయనను నమ్మి, వెళ్లి దిద్దుకోండి. అవమానం ఉంటుంది, దాన్ని మోయడానికి ఆయన తోడూ ఉంటాడు.

ఒక ప్రశ్నకు మాత్రం నాకు జవాబు దొరకలేదు. పట్టణంలో కలవకముందు ఆ వీధి ఒక పంచాయతీలో ఉండేది. మొదటి రెండేళ్లు ఇదే అబద్ధం చెప్పి అక్కడ పన్ను కట్టాను. ఆ పంచాయతీ పుస్తకాలు ఇప్పుడు ఎక్కడా కనబడవు గనుక, ఎంత తక్కువ కట్టానో తేలలేదు. మూడుసార్లు వెళ్లి అడిగాను. "లేని పుస్తకంలో జమ ఎట్టా రాయమంటారండీ, ఇంటికెళ్లండి" అన్నాడు గుమాస్తా. ఆ బాకీని ఎవరికి, ఎంత చెల్లించాలో నాకు తెలియదు. దాన్ని క్షమించమని మాత్రమే దేవుణ్ణి అడగగలుగుతున్నాను, అడుగుతూనే ఉన్నాను.