వెనక వరుసలోంచి మూడుసార్లు

పాసయ్యాను! సెమినార్‌లో బి ప్లస్. కవరు ఇంకా చేతిలోనే ఉంది, చెప్పులు కూడా విప్పలేదు. ఇటు పుట్టింట్లోనూ అటు అత్తింట్లోనూ డిగ్రీ పట్టా అందుకోబోతున్న మొదటి మనిషిని నేనే!

ఇక అసలు సంగతి. దయ్యాలనీ మహిమలనీ నేను ఏనాడూ నమ్మలేదు. న్యూజెర్సీకి వచ్చిన కొత్తలో బేస్‌మెంట్‌లో చప్పుళ్ళు వినిపిస్తే మా తోటికోడలు మెట్ల మీద నిమ్మకాయలు కోసి పెట్టింది. నేను ఫ్లాష్‌లైట్ పట్టుకుని దిగి, ఆ చప్పుడు పాత బాయిలర్‌దని చూసి వచ్చాను. అలాంటిదాన్ని.

నాకున్న జబ్బల్లా ఒకటే. నలుగురి ముందు నిలబడితే గొంతు పూడుకుపోతుంది. సెమినార్‌లో ఇరవై నిమిషాలు మాట్లాడితేనే డిగ్రీ. రెండుసార్లు లేచాను, రెండుసార్లూ ఏడుస్తూ కూర్చున్నాను. మూడోదే ఆఖరి అవకాశం అన్నారు.

పొద్దున కాలేజీ, మధ్యాహ్నం యూదుల ప్రార్థనాలయం ఆఫీసులో టైపింగ్ ఉద్యోగం. అక్కడ ప్రార్థన పాడి నడిపించే పెద్దాయన ఉన్నారు. ఆ పదవిని హజ్జాన్ అంటారు. నాకు ఆయన హజ్జాన్ గారే. జనానికి వీపు పెట్టి, పవిత్ర గ్రంథాలుండే బీరువా వైపు తిరిగి పాడతారు. చదవడం రానివాళ్ళు ఆయన పాడాక ఆమేన్ అంటే చాలు, తామే చదివినట్టు లెక్క.

"నేను పాటగాణ్ణి కాదమ్మా, వీళ్ళంతా కలిసి పంపిన మనిషిని" అనేవారు.

రెండోసారి ఫెయిలయిన రోజు టైప్‌రైటర్ ముందు ముక్కు చీదుతూ దొరికిపోయాను. ఖాళీగా ఉన్న హాల్లోకి తీసుకెళ్ళారు. ఏడాదికోసారి, వాళ్ళ పెద్ద ఉపవాసం మొదలయ్యే సాయంత్రం, ఒకే ప్రార్థనని మూడుసార్లు పాడతారట. మొదటిసారి, రాజుగారి కోటలోకి కొత్తగా అడుగుపెట్టినవాడిలా, వినీ వినపడనట్టు. రెండోసారి కాస్త ధైర్యంగా. మూడోసారి, ఆ కోటలోనే పుట్టి పెరిగినవాడిలా, నిండు గొంతుతో.

"నువ్వు మొదటిసారే మూడోసారిలా పాడాలని చూస్తున్నావు. అందుకే గొంతు మూసుకుపోతోంది" అన్నారు.

ఆ చలికాలమంతా ప్రాక్టీసు. నేను ముందు నిలబడేదాన్ని. ఆయన చిట్టచివరి వరుసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చుని, నేను ఆగిపోయినప్పుడల్లా ఆ ప్రార్థన మొదటి పాదం కూనిరాగం తీసేవారు. ముందు సన్నగా, తర్వాత కొంచెం పైకి, ఆ తర్వాత ఇంకా పైకి. అందుకుని నేను మాట్లాడేదాన్ని.

తీరా చూస్తే ఆయన గొంతులో చిన్న గడ్డ ఉందన్నారు. సోమవారం ఆపరేషన్. నెలరోజులు గుసగుస కూడా కూడదని డాక్టర్ల ఆర్డరు. నా సెమినార్ మంగళవారం పొద్దున పదింటికి.

ఆ పొద్దున మా ఆయన కార్లో దింపుతుంటే అడిగాను.

"ఏవండీ, మళ్ళీ పోతే?"

"పోతే పోయింది. నాలుగోసారి నేనే నీ చీర కట్టుకెళ్ళి చెప్పొస్తాలే."

"మీసాలో?"

"కొంగు కప్పుకుంటా. దిగు, లేటవుతోంది."

క్లాసులో లైట్లు ఆర్పి ప్రొజెక్టర్ వేశారు. నోరు తెరిచాను. గొంతు పూడుకుపోయింది. ప్రొఫెసర్ పెన్ను కింద పెట్టేశారు.

అప్పుడు వెనక వరుసలోంచి, తలుపు దగ్గర్నుంచి, సన్నగా కూనిరాగం. ఆ పాదమే. నేను కూడా సన్నగానే మొదటి వాక్యం చెప్పాను. రెండోసారి కాస్త పైకి వచ్చింది, నేనూ గొంతు పెంచాను. కంగారులో రెండో షీటు ప్రొజెక్టర్ మీద తలకిందులుగా పెట్టేస్తే అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. షీటు తిప్పి పెడుతుంటే మూడోసారి వినిపించింది, నిండుగా. ఇక నేను ఆగలేదు. ఇరవై నిమిషాలు కాదు, ఇరవై ఆరు మాట్లాడానట!

లైట్లు వేశాక చూస్తే వెనక ఎవరూ లేరు. ఆ వరుస కుర్చీలు మడిచి గోడకి ఆనించి ఉన్నాయి.

నా పిచ్చి అనుకునేదాన్నే. కానీ కాగితాలు సర్దుకుంటుంటే ప్రొఫెసర్ అడిగారు, "మీ తాతగారిని తీసుకొచ్చారా? తలుపు దగ్గర ఎవరో పెద్దాయన పాడారు. ఊరుకోమందామనుకునేలోపే మీరు మొదలుపెట్టారు."

సాయంత్రం ఆసుపత్రికి పరిగెత్తాను. హజ్జాన్ గారు మందు మత్తులో మధ్యాహ్నం దాకా లేవనే లేదనీ, మంచం దిగనే లేదనీ నర్సు చెప్పింది. గొంతుకి కట్టు. చేతిలో పలక.

"చెప్పేశానండీ!" అన్నాను.

ఆయన కళ్ళు నవ్వాయి. పలక మీద రాసి చూపించారు: "రెండో షీటు తలకిందులుగా పెట్టావు."

ఆ ముక్క నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. మీకెలా తెలుసని అడిగితే పలక తుడిచి మళ్ళీ రాశారు: "తెలీదు. మెలకువ వచ్చేసరికి తెలుసు."

మా ఆయన మాత్రం "ఎవరో చెప్పుంటారే" అంటారు. ఎవరు? క్లాసులో ఉన్న పదకొండు మందిలో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. నాలుగు రోజులుగా అన్ని వైపుల నుంచీ ఆలోచించాను. బాయిలర్‌లాంటిదేమీ దొరకలేదు. నా చేతిలో ఉన్నదల్లా బి ప్లస్!

ఇక ఫోన్లు. ఊళ్ళో అమ్మకి ట్రంక్ కాల్ బుక్ చేయాలి, ఎరువుల కొట్టువాళ్ళు పిలుచుకొస్తారు. ఫ్యాక్టరీలో మా ఆయనకి, ఫోర్‌మన్ పిలవనిస్తే. ఇప్పుడు డెట్రాయిట్‌లో ఉంటున్న తోటికోడలికి, నిమ్మకాయల సంగతి ఎత్తకుండా. ప్రొఫెసర్‌కి థాంక్స్ చెప్పడానికి.

వీళ్ళందరికంటే ముందు, నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన హజ్జాన్ గారికి. ఇవాళ శుక్రవారం. పొద్దు గుంకితే వాళ్ళ విశ్రాంతి దినం మొదలవుతుంది, రేపు చీకటి పడేదాకా ఫోన్ ముట్టుకోరు. ఇప్పుడు ఎత్తినా మాట్లాడలేరు, రిసీవర్ మీద వేలితో తడతారు. ఎన్నిసార్లు తడతారో నాకు తెలుసు.