ఒకే నిమిషంలో రెండు లారీలు

ఆ రోజుల్లో కంప్యూటరు ఉద్యోగమంటే కుర్చీలో కూర్చుని గొప్ప పనులు చేయడమనుకునేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మద్దిలపాలెంలో బట్టల కొట్టు పైనున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టర్‌గా చేరాను. లారీల యార్డు గేటు కోసం మేమొక ప్రోగ్రాం రాస్తున్నాం. లారీ వచ్చిన తేదీ, టైము తెరమీది ఒక పెట్టెలో టైపు కొట్టాలి. అప్పటి టైమును ఆ పెట్టెలో వేసి, సేవ్ చేసి, మళ్ళీ చదివి, రెండూ ఒకటేనా అని చూడటం నా టెస్టు. తెరమీద రెండూ పదీ పదిహేనే. కంప్యూటరు మాత్రం 'తేడా ఉంది' అంటుంది. ఒకసారి టీ తాగొచ్చి నొక్కితే పాసయ్యింది. అందుకని మళ్ళీ టీకి వెళ్ళాను (మళ్ళీ మళ్ళీ వెళ్ళాను).

మధ్యాహ్నం యార్డు సూపర్‌వైజరు చూడటానికొస్తున్నారు. నచ్చకపోతే పని ఇంకొకళ్ళకి పోతుంది. మా టీములో పెద్దది, కంచరపాలెం అక్క, నా పక్కన కూర్చుని కాసేపు చూసింది.

"తమ్ముడూ, పెట్టెలో నిమిషాలే పడతన్నాయి. నువ్వు పోల్సే టైములో సెకన్లు కూడా ఉన్నాయి. ఇంకెలా కలుత్తాయి?"

సరిగ్గా నిమిషం మారి సెకన్లు సున్నా ఉన్నప్పుడు నొక్కానేమో, అందుకే అప్పుడు పాసయ్యిందట. టీకి సంబంధం లేదు.

టెస్టులో సెకన్లు కోసేస్తే సరిపోతుందని మా ఓనరుగారు తేలిగ్గా చెప్పేశారు. అక్క గొంతు పెంచలేదు.

"కోసీడం ఎంతసేపండీ. ఒకే నిమిషంలో రెండు లారీలొత్తే, ఏది ముందొచ్చిందో ఎలా తెలుత్తాది?"

సూపర్‌వైజరు రాగానే అక్క లోపం దాచకుండా అదే ప్రశ్న ఆయన్నే అడిగింది. ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"గేటు కాడ డ్రైవర్లు కొట్టుకునేది దానికేనమ్మా."

పెట్టెలో సెకన్లు చేరాయి, టెస్టు పాసయ్యింది, పని మాకే దక్కింది. పోతుందనుకున్న పనిని ఒక్క ప్రశ్నతో నిలబెట్టిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

అక్కలా అయిపోవాలని సెకన్ల ముల్లున్న వాచీ కొన్నాను. ఎవరు టైమడిగినా సెకన్లతో సహా చెప్పేవాణ్ణి. ఒక సాయంత్రం బస్టాపులో ఓ పెద్దాయనకి అలాగే చెబితే, ఆయన ఓపిగ్గా విని, "గాజువాక బస్సెల్లిపోయిందా బాబూ?" అనడిగారు. తలెత్తి చూశాను. ఆయన బస్సు, నా బస్సు కూడా అదే, అప్పుడే స్టాపు దాటి మలుపు తిరుగుతోంది.