విత్తనపు కాయలు వలుస్తూ నేర్చిన ఇంగ్లీషు

మొన్న మనవరాలు ఫోనులో ఇంగ్లీషు పాఠం వింటుంటే పక్కన కూర్చుని వత్తులు చేసుకుంటున్నాను. ఆపడం, అణచుకోవడం, మానెయ్యడం, ఆర్పెయ్యడం, వీటికి ఇంగ్లీషులో ఎన్ని జంటమాటలున్నాయో ఆ పంతులమ్మ చెబుతోంది. గివ్ అప్, పుట్ అవుట్, హోల్డ్ బ్యాక్. ఆమెకంటే ముందే నేను అర్థాలు చెప్పేస్తుంటే పిల్ల నా వంక వింతగా చూసింది. నేను బడికి పోయింది ఐదో తరగతి దాకానే. ఆ మాటలన్నీ మా మేనత్త పెట్టిన భిక్ష.

బద్వేలు దగ్గర పల్లె మాది. పదో తరగతి పరీక్ష రాయాల్సిన ఏడాదే అత్తకు పెళ్ళి చేశారట. భర్త పోయాక మా ఇంటికే వచ్చేసింది. బావి కింద పంటకు వేరుశనగ, మా మాటలో చెనిక్కాయ, విత్తనం వలిచే రోజుల్లో ఇద్దరమూ వసారాలో కాయలు ముందేసుకుని కూర్చుంటే అదే నా బడి. అత్త బట్టీ పట్టనిచ్చేది కాదు, చేసి చూపించేది. పొయ్యిలో కొరివి మీద నీళ్ళు చల్లి పుట్ అవుట్ అనేది. విత్తనపు గింజ ఒక్కటి కూడా తినకూడదని మా ఇంట్లో కట్టడి. నా చెయ్యి నోటి దాకా పోయి ఆగినప్పుడల్లా, "అదే పాపా, హోల్డ్ బ్యాక్" అనేది. గివ్ అప్ కోసం మాత్రం ఆమె కాఫీయే వదులుకుంది. నేను ప్రైవేటుగా పది పాసయ్యేదాకా తాగనని మంత్రాలయంలో స్వామికి మొక్కుకుంది. మొదటి నెలంతా తలనొప్పితో ఇంటిల్లిపాదినీ విసుక్కుంది కూడా.

పరీక్షకు దరఖాస్తు పంపే వేళకు నాకు రాయచోటి సంబంధం వచ్చింది. నాయన ఆ దరఖాస్తు కాగితం పట్టుకుని వసారాలోకి వచ్చి, వాళ్ళు చదువు అడగలేదని, ఇంక చాలించమని చెప్పాడు. నేను తల వంచుకున్నాను. నాయన ఎదుట అత్త ఎన్నడూ గొంతు విప్పిన మనిషి కాదు. కాయ వలుస్తూనే, తలెత్తకుండా అంది.

"అన్నా, నా చదువు నిలిపితిరి. నేనేమన్నా అంటినా? దీన్ది నిలపొద్దు."

అత్త చేతులు ఆగలేదు. నాయన కాయల కుప్ప పక్కన గొంతుక్కూర్చుని, "యాడ సంతకం పెట్టల్ల?" అన్నాడు.

అత్తెసరు మార్కులతో పాసయ్యాను. పెళ్ళివాళ్ళు అన్నాళ్ళూ ఆగారు, వాళ్ళు చల్లగా ఉండాలి. ఫలితాలు తెలిసిన రోజు అత్త కాఫీ ఒక గుక్క తాగి, చక్కెర తక్కువైందంది.

దీపం పెట్టేటప్పుడు స్వామి తర్వాత ఆమెనే తలుచుకుంటాను. ఆ ఒక్క మాట అనడానికి అత్తకు ఇరవై ఏళ్ళు పట్టిందని, నేను అప్పటి ఆమె వయసు దాటాక గానీ నాకు తెలిసిరాలేదు.