నేను పీకేసిన పదకొండు ప్లగ్గులు

ఒక్క పూటలో పదకొండు కార్లను పడుకోబెట్టి, సొంత రూమ్మేట్ ఉద్యోగానికి ఎసరు పెట్టిన మహానుభావుడు ఎవరయ్యా అంటే, ఇదిగో, నేనే. పగతో కాదు, తాగి కాదు. పొదుపు కోసం. నవ్వండి, నాకేం ఫరవాలేదు, అలవాటైపోయింది.

అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ అనే ఊళ్లో ఎమ్మెస్ చేయడానికి జనవరిలో దిగాను. కొత్తగూడెం ఎండల్లో పెరిగిన ఒళ్లు నాది. అక్కడేమో మైనస్ నలభై. ఫారెన్‌హీటా, సెంటీగ్రేడా అని అడక్కండి, అక్కడికి వచ్చేసరికి రెండూ ఒకటే. ఊపిరి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి కరకరలాడేవి. నాకది భయం కాదు, వింత! రోజుకు పదిసార్లు బయటికెళ్లి ముక్కు ఎగబీల్చి చూసుకునేవాణ్ణి.

అన్నిటికంటే వింత కార్లు. ప్రతి కారు మూతిలోంచీ ఒక వైరు, దాని చివర ప్లగ్గు వేలాడేవి. పార్కింగ్‌లో కారుకో కరెంటు గుంజ. జనం కారు దిగగానే ప్లగ్గు పెట్టి లోపలికి పోయేవారు. ఎందుకని ఎవరినైనా అడగొచ్చు కదా అంటారా? అడిగితే నాకు తెలియదని తెలిసిపోదూ! అందుకని నాకు నేనే తేల్చేసుకున్నాను: బ్యాటరీ చార్జింగు. సెల్‌ఫోన్‌కు పెట్టినట్టే.

రెండో వారంలో ఒకరోజు పదకొండింటికి క్లాసు అయి బయటికొస్తే, డిపార్ట్‌మెంట్ వెనక డజను కార్లు, అన్నిటికీ ప్లగ్గులు. పొద్దుట్నుంచీ అలాగే! ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే మా నాన్నగారు వీధి చివరిదాకా వినబడేలా తిట్టేవారు. ఆ పెంపకం ఎక్కడికి పోతుంది? చార్జింగ్ ఎప్పుడో నిండి ఉంటుందనుకుని ఒక్కొక్కటీ పీకి, వైర్లు చక్కగా చుట్టి అద్దాలకు తగిలించాను. పన్నెండోది మా ప్రొఫెసర్ మార్గరెట్ గారిది. దాని ప్లగ్గు మంచు పట్టి బిగుసుకుపోయింది. కాలు అడ్డం పెట్టి లాగినా రాలేదు. సరే పొమ్మని వదిలేశాను.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఎవరూ అడక్కుండానే నేను పెట్టాను, పదకొండు కొంపలకు మంచు.

నాలుగింటికి ఫోన్. రమణన్న. నా రూమ్మేట్, గుంటూరు మనిషి, మా ల్యాబ్‌లోనే సీనియరు. చదువైపోయింది, వీసా గడువు ఇంకో నెలే ఉంది. ఎక్కడో దూరాన షామ్‌బర్గ్ అనే ఊళ్లో ఇంటర్వ్యూ కోసం ఆరింటి ఫ్లైట్ ఎక్కాలి. అది తప్పితే పెట్టె సర్దుకుని ఇండియా పోవడమే.

"ఒరేయ్ శీనూ, కార్ స్టార్ట్ అవట్లేదురా! ఎవడో దరిద్రుడు నా ప్లగ్ పీకేశాడు!"

"పీకితే ఏమైతదన్నా? చార్జింగ్ ఎప్పుడో ఫుల్లయి ఉంటది గదా?"

"చార్జింగేంట్రా నీ మొహం! అది ఇంజన్‌కి హీటరు! లోపల ఆయిలంతా గడ్డకట్టిపోయింది!"

కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. ఆ ఊళ్లో అదేమంత పెద్ద విషయం కాదనుకోండి.

పరుగెత్తుకెళ్లాను. పార్కింగ్‌లో పదిమంది పెద్దమనుషులు బానెట్లు ఎత్తి, నోట్లోంచి ఆవిర్లు కక్కుతూ తిడుతున్నారు. ఎవరిని తిడుతున్నారో వాళ్లకు తెలియదు, నాకు తెలుసు.

"టాక్సీ పిలువన్నా!"

"పిలిచాను. గంటన్నర పడుద్దంట. ఇక నా పని అయిపోయిందిరా." రమణన్న సూట్‌కేసు మీద కూలబడ్డాడు. ఎప్పుడూ అరిచి మాట్లాడే మనిషి గొంతు అంత నీరసంగా వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చేసింది.

మెట్లెక్కి మార్గరెట్ గారి గదిలో పడ్డాను. "మేడం, మా అన్నను అర్జెంటుగా ఎయిర్‌పోర్ట్‌లో దింపాలి. కింద మీ కారొక్కటే స్టార్ట్ అవుతుంది!"

ఆవిడ మారుమాట లేకుండా కోటు అందుకుంది. కారు ఒక్క తిప్పుకే లేచింది. రమణన్న ఫ్లైట్ అందుకున్నాడు. తిరుగుదారిలో ఆవిడ కారు హీటరు కాస్త పెంచింది. తర్వాత నింపాదిగా అడిగింది:

"శ్రీనూ, నా కారొక్కటే స్టార్ట్ అవుతుందని నీకెలా తెలిసింది?"



"ఎంత లాగినా మీది రాలేదు మేడం."

రమణన్నకు ఉద్యోగం వచ్చింది. నాకూ వచ్చింది, మేడం చేతుల మీదుగా: ఏప్రిల్ దాకా రోజూ పొద్దున్నే ఆ కార్లన్నిటికీ ప్లగ్గులు పెట్టే ఉద్యోగం, జీతం లేకుండా. అందుకని సభాముఖంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: వైరున్న ఏ వస్తువునైనా సరే, దాని యజమాని, యజమాని భార్య, ఇరుగుపొరుగు అందరూ సంతకాలు పెట్టి ఇస్తే తప్ప ఈ జన్మలో ముట్టను. ముట్టుకుంటే మళ్లీ ఆ మైనస్ నలభైలోనే, స్వెటర్ లేకుండా, నిలబడతాను.