కొళాయి కింద ఫోను

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం కాదు, నా తలమీద జుట్టు నిండుగా ఉన్న రోజులు. పాలన ప్రజల గడప దగ్గరికే వస్తోందని అందరూ అంటున్నారు. కోసిగి పక్కన ఓ పల్లె సచివాలయంలో కొత్తగా చేరినవాణ్ణి నేను. వచ్చిన ప్రతి ఫిర్యాదూ గడువులోగా యాప్‌లో మూసెయ్యాలి. మూయాలంటే ఫిర్యాదుదారు ఫోనుకొచ్చే ఓటీపీ కావాలి. ఒక్కటి మిగిలినా నా ఉద్యోగం ఖాయం కాదని మండలాఫీసు పెద్దసారు ముందే చెప్పేశారు.

ఓ అవ్వ తన వీధి కొళాయికి నీళ్లు రావడం లేదని ఫిర్యాదు పెట్టింది. పైపు బాగుచేయించాం, నీళ్లొచ్చాయి. సంబరంగా పెద్దసారుకు చెబితే, "నీళ్లొస్తే తీరినట్టు కాదప్పా, నంబరొస్తే తీరినట్టు. రేపు పదింటికి మీటింగుండాది" అన్నారు. (నీళ్ల కోసం కాకపోతే ఫిర్యాదు దేనికో నాకప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.) అవ్వ ఇచ్చిన ఫోను నంబరేమో ఆమె కూతురిది. కూతురేమో మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయింది.

ఫోను చేసి సంగతంతా చెప్పి ఓటీపీ అడిగాను. ససేమిరా అంది. సచివాలయం అని చెప్పినా సరే, ఆ నంబరు ఎవరికీ చెప్పొద్దని ఊర్లో మైకు పెట్టి మరీ చెప్పారట. ఆ మైకులో చెప్పింది నేనే. ఆ మాటంటే, దొంగలూ అట్లే అంటారంది. అవ్వకు ఫోనిచ్చాను, చెప్పెయ్యమని అవ్వా అంది. "మా యమ్మ ఎవురేం చెప్పినా సరే అంటాది. కొళాయి కింద ఫోను పెట్టు, నీళ్ల చప్పుడు ఇంటా" అంది కూతురు. నీళ్లు తెల్లారితే గానీ రావు. నా ప్రచారం ఇంత బాగా పనిచేసినందుకు గర్వపడాలో ఏడవాలో తెలియలేదు.

తెల్లారి నీళ్లు రాగానే కూతురికి ఫోను కలిపి కొళాయి దగ్గర వంగాను. చొక్కా తడిసింది. నీళ్ల చప్పుడు యాడైనా ఒకటేనంటూ ఆమె ఫోను పెట్టేయబోయింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అంతలో నా వెనక అవ్వ, తన బిందె జరిపి సొంత బిందె పెట్టుకున్న పక్కింటామె మీదికి అరుస్తూ లేచింది. అవతల చిన్న నవ్వు.

"మా యమ్మ కొట్లాడతాండాది. అయితే నీళ్లు వచ్చినట్లే. రాసుకో సార్."

మొన్న కర్నూల్లో మా ఇంటి ముందు కొళాయి గురించి నేనే ఫిర్యాదు పెట్టాను. నేను ఆఫీసులో ఉండగా ఓ కుర్రవాడు ఫోను చేసి, నీళ్లొచ్చాయి, ఓటీపీ చెప్పమన్నాడు. కొళాయి కింద ఫోను పెట్టు నాయనా అన్నాను. పాపం, పెట్టాడు. నీళ్లు పడుతూనే ఉన్నాయి, నేను వింటూనే ఉన్నాను. చివరికి, ఎవరయ్యా నువ్వు మా కొళాయి దగ్గర అని మా ఆవిడ గదమాయించడం వినబడింది. వెంటనే నంబరు చెప్పేశాను. ఆ పిల్లాడి చొక్కా కూడా తడిసే ఉంటుంది.