సింకు కింది బకెట్

కుదురుగా కూర్చునే విద్య ఆ రోజుల్లో నాకు బొత్తిగా లేదు. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సెక్కి ఆదోనిలో ఒక కాలేజీ ల్యాబుకు వెళ్లేవాణ్ణి, ప్రాజెక్టు అసిస్టెంటుగా. కూర్చుంటే చాలు, మోకాలు ఊగేది. (బస్సులో పక్కాయన ఒకసారి "ఏమప్పా, కుట్టు మిషను తొక్కుతాండావా?" అని అడిగాడు కూడా.) అలాంటివాడికి మా సారు అప్పగించిన పని ఏమిటంటే, పొరలు విడిపోయేదాకా చూస్తూ ఉండటం.

సారు ఎక్కడెక్కడో అడిగి ఒక చిన్న సీసాలో ఫాస్ఫోనియం అయానిక్ ద్రవం తెప్పించారు. అది నిజానికి ఉప్పే, కాని గడ్డకట్టని ఉప్పు. వేరుశనగ నూనెలా చిక్కగా ఉంటుంది, ఆవిరైపోదు. అందులో పల్లాడియం ఉత్ప్రేరకాన్ని కరిగించి చర్య నడిపి, తర్వాత నీళ్లూ, పెట్రోలులాంటి హెక్సేనూ పోస్తే, అడుగున కుళాయి ఉన్న గాజు గరాటులో మూడు పొరలు తేరతాయి. పైన తయారైన పదార్థంతో హెక్సేను, అడుగున పనికిరాని లవణాలతో నీళ్లు, మధ్యలో ఖరీదైన పల్లాడియాన్ని పట్టుకుని మన ద్రవం. ఆ మధ్యదాన్నే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ఐదుసార్లు వాడాం. ఆరోసారి, ప్రాజెక్టు పొడిగించాలో వద్దో తేల్చే పెద్దాయన కళ్లముందు చేసి చూపించాలి. ఆయన వద్దంటే నేను ఎమ్మిగనూరులో మా మామ పత్తి కొట్లో కూర్చోవాలి. (కూర్చోవాలి! అదే నా భయం.)

మా ల్యాబు అటెండరును అందరూ బకెట్ తాత అనేవారు. అంతకుముందు నూనె మిల్లులో చేసిన మనిషి. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో సింకులో నీళ్లు ఊరికే పోవడం ఆయనకు గిట్టదు. కింది గొట్టం ఊడదీసి బకెట్ పెట్టి, ఆ నీళ్లతో మరుగుదొడ్లు కడిగేవాడు. "తాతా, ఇది కెమిస్ట్రీ ల్యాబు, గొట్టం బిగించు" అని నేను రోజూ కయ్యానికి దిగేవాణ్ణి. "బిగిస్తాలేప్పా" అనేవాడు, బిగించేవాడు కాడు.

పెద్దాయన వచ్చే రోజు పొద్దున ఐదోసారి చర్య తాలూకు పొరలు తీస్తున్నాను. గరాటు కుళాయి తిప్పాను, అడుగు నీళ్లు సింకులోకి జారుతున్నాయి. బయట కారు చప్పుడు వినిపించినట్టయి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. చూస్తే పత్తి లారీ. వెనక్కి వచ్చేసరికి గరాటులో హెక్సేను ఒక్కటే మిగిలింది.

"తాతా, మధ్యది పోయింది! మునిగిపోయినా!"

తాత సింకు కిందికి వంగి చూశాడు. "యాడికి పోతాదప్పా? ఈడే ఉండాది."

బకెట్ నీళ్ల మీద గోధుమరంగు తెట్టు తేలుతోంది. నేను గ్లాసుతో ముంచబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"కెలకద్దు, కలిసిపోతాది. మిల్లులో తొట్టి ముందర ఎన్నేండ్లు కూసున్యాననుకున్యావ్? ముందు నువ్వు కూసో."

"పెద్దాయన పదకొండుకే వస్తాడు తాతా!"

"ఆయప్ప వస్తాడని నూనెకు తెలుసా? తిరగద్దు, నేల అదుర్తాది."

రెండు చేతులతో మోకాళ్లు అదిమిపట్టి కూర్చున్నాను. జన్మలో అంతసేపు ఎన్నడూ కూర్చోలేదు. తెట్టంతా ఒకచోటికి చేరాక తాత చెంచాతో మెల్లగా తీసి గరాటులో పోశాడు. మంచినీళ్లతో రెండుసార్లు కడిగాం. దాదాపు అంతా దక్కింది.

ఆరోసారి చర్య ఎప్పటిలాగే నడిచింది. పెద్దాయన మూడు పొరలనూ వెలుతురుకు పెట్టి చూసి, "ఇంత చిక్కటి ద్రవాన్ని పోనివ్వకుండా ఇన్నిసార్లు తీశాడంటే, ఈ అబ్బాయికి ఓపిక చాలా ఎక్కువ" అన్నారు. వెనకనుంచి తాత దగ్గు వినిపించింది. నేను నేల చూపులు చూస్తూ "థాంక్యూ సార్" అన్నాను. ప్రాజెక్టు పొడిగించారు. రిపోర్టు చివర కృతజ్ఞతల్లో అందరి పేర్లూ రాసి, తాత పేరు రాయలేదు. రాస్తే ఎందుకో చెప్పాల్సి వస్తుందని భయం. ఆ సిగ్గు నాకు ఇంకా పోలేదు. తర్వాత ఎప్పుడో ఆయన దగ్గర ఒప్పుకుంటే నవ్వేశాడు. "పేరెందుకప్పా? గొట్టం బిగించమని సంపకుంటే సాలు."

ఇప్పుడు నాకూ ఒక ల్యాబు ఉంది. సింకు కింద బకెట్ ఉంది. ఎందుకని పిల్లలు అడిగితే ఈ కథంతా చెప్పి, "ముందు కూసోండి" అంటాను. "మా సారుకి ఓపిక ఎక్కువ" అని వాళ్లు బయట చెప్పుకుంటారట. బల్ల కింద నా మోకాలు వాళ్లకు కనపడదు.