మావయ్య వద్దన్న ఒత్తులు

కిందటి నెల పెరట్లో జారిపడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్నాక, కట్టు విప్పేదాకా ఫోనులో మెసేజీలన్నీ ఎడమచేతి బొటనవేలితోనే కొట్టాల్సి వచ్చింది. అలవాటు లేని వేలికి ఒత్తులు ఒక పట్టాన లొంగవు. రెండు రోజులు తంటాలు పడి, మూడోనాడు విసుగొచ్చి ఒత్తులన్నీ ఎగ్గొట్టేసి, గుంటూరులో ఉన్న మా చెల్లెలికి "నొపి తగింది" అని పంపాను. నిమిషంలో ఫోను మోగింది. అవతల అది నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు తెలియలేదు. మావయ్య ఉత్తరం వచ్చినట్టుందే అక్కా, అంది.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముళ్ళలో ఆఖరివాడు. దివిసీమలో నాగాయలంక మా అమ్మమ్మగారి ఊరు. ఆయనకు పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేవు. మాట నోటిదాకా వచ్చి ముద్దైపోయేది, ఆ ముద్దలోంచి అసలు మాటను విడదీయగలిగింది మా అమ్మమ్మ ఒక్కతే. బడిపంతులైన తాతయ్య అరుగు మీద ప్రైవేట్లు చెబుతుంటే, పక్కనే చాప మీద పడుకుని విన్నది విన్నట్టు ఈయన నేర్చేసుకున్నాడని ఇంట్లోవాళ్ళకు చాలా ఆలస్యంగా తెలిసింది. పిల్లలు పాఠం తప్పు చదివిన చోటల్లా సరిగ్గా అక్కడే ఈయన నవ్వుతున్నాడని గమనించింది తాతయ్యే. ఆ వారమే ఆయన ఒక దళసరి అట్ట తెచ్చి, దాని మీద అచ్చులూ హల్లులూ గుణింతం గుర్తులూ పెద్దపెద్దగా రాసి, మావయ్య కుడిచేతికి గుడ్డపీలికతో వెదురుపుల్ల కట్టి, ఏ అక్షరం మీద పుల్ల ఆనితే ఆ అక్షరం రాసుకోమని అమ్మమ్మకు ఒక నోటుబుక్కు ఇచ్చారు.

ఆ అట్ట మీద ఒత్తులకు చోటు చాలలేదు. వాటి కోసం ఇంకో చిన్న అట్ట చేశారు గానీ, దాన్ని దగ్గరికి తెచ్చినప్పుడల్లా మావయ్య తల పక్కకు తిప్పుకునేవాడు. రెండు అట్టల మధ్య చెయ్యి జరపడం కష్టంగా ఉంది కాబోలనుకుని దాన్ని బీరువా మీద పడేశారు. తాతయ్య పోయాక కూడా మిగిలిన అట్టే ఆయనకు లోకం. ఒక మాట రావడానికి రెండు మూడు నిమిషాలు పట్టేది, చేతికి వణుకు ఎక్కువైన రోజుల్లో ఐదూ పట్టేది. అలా అక్షరం వెనక అక్షరం కూడబెట్టి ఆయన కవిత్వం రాశాడు. నేను చదివిన మొదటిది రెండే పాదాలు.

వాన ఆగింది
చూరు ఆగలేదు

సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మమ్మ చూపిస్తే చదివి, ఇంతేనా అనుకున్నాను. అప్పటి నా చదువు అంత మట్టుకే.

తొంభైల మొదట్లో డిగ్రీ అయ్యాక నేను బందరులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరాను. పెళ్ళి శుభలేఖలు, బళ్ళ పరీక్ష పేపర్లు, ఏడాదికొకటో రెండో పుస్తకాలు. అక్షరాన్ని అక్షరంగా చేత్తో ఏరి పేర్చే రోజులవి. కంపోజింగు చేసే పెద్దాయన్ని మేమంతా బాబాయి అనేవాళ్ళం. ఆయన వేళ్ళు ఎప్పుడూ సిరా నలుపే, అన్నం తినేటప్పుడు చెంచా వాడేవాడు. ఆ సిరా వాసన, కిటికీలోంచి వచ్చే ఉప్పుగాలి కలిసిపోయేవి. నా మొదటి ఉద్యోగం అంటే ఇప్పటికీ ఆ వాసనే గుర్తొస్తుంది.

మావయ్య కవితలు ఒకటి రెండు పత్రికల్లో పడ్డాక, గుడివాడలో సాహిత్యం మీద ఇష్టమున్నవాళ్ళు కొందరు పూనుకుని ఆయన పుస్తకం వేయిద్దామన్నారు. తెలుగు లెక్చరరుగా రిటైరైన ఒక మాష్టారు ముందుమాట రాస్తానన్నారు. ఆయన చూడటానికి అమ్మమ్మ తన చేతిరాతలో నాలుగైదు కవితలు పంపింది. అచ్చు పని మా ప్రెస్సుకే వచ్చింది. మా మావయ్య పుస్తకానికి నేనే ప్రూఫులు చూస్తున్నానని పెడన నుంచి రైల్లో నాతో వచ్చే ఆడపిల్లలందరికీ చెప్పుకున్నాను.

మొదటి ఫారం ప్రూఫు నా బల్ల మీద పెడుతూ, సీసపు ఒత్తులుండే గడి ముట్టకుండా పదహారు పేజీలు పేర్చడం తన జన్మలో ఇదేనని బాబాయి అన్నాడు. ఆ మాట నేను పట్టించుకోలేదు. నాకు కనిపించినవి తప్పులే. చాలా మాటలు మామూలుగానే ఉన్నాయి, వాటికి అసలు ఒత్తులే అక్కర్లేదు, కాబట్టి అవి కంటికి ఆనలేదు. మధ్యమధ్య మాత్రం "మళీ", "నవు", అన్నిటికంటే ఎక్కువగా "అమ". పెద్దదైపోయిన అమ్మమ్మ తొందరలో ఒత్తు మరిచిపోయిందని జాలిపడి, ఆ "అమ"లన్నిటికీ కింద నేనే మకారం తగిలించాను. నా చేతిలోని ఎర్ర పెన్సిలు ఆ కవితను కూడా వదల్లేదు.

అమ
నా మాటకి నోరు తను
తన మాటకి నోరు ఏది

ఫారం అచ్చయింది. ఒక కాపీ గుడివాడ మాష్టారికి వెళ్ళింది. వారం తిరక్కుండా ఆయన దగ్గర్నుంచి ప్రెస్సు ఓనరుగారికి ఉత్తరం వచ్చింది. చేతిరాతలో "అమ" అని ఉన్నది అచ్చులో "అమ్మ" ఎలా అయిందో తనకు అర్థం కావడం లేదని, ఇంట్లో ఎవరో రాస్తూ, దిద్దుతూ ఆ అబ్బాయి పేరు పెడుతున్నట్టు అనుమానంగా ఉందని, రాత కూడా తల్లిదే కాబట్టి నిజం తేలేదాకా ముందుమాట రాయలేనని, చాలా మర్యాదగా రాశారు. ఓనరుగారు ఆ ఉత్తరం నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. మంచం దిగలేని మనిషి ఏళ్ళ తరబడి ఒక్కొక్క అక్షరం ఏరుకుని సంపాదించుకున్న ఒకే ఒక్క పేరును నేను ఒక పెన్సిలుతో పాడుచేశాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. చల్లపల్లి దాటి, పులిగడ్డ అక్విడక్టు వంతెన మీద బస్సు నెమ్మదిగా నడుస్తుంటే, ఇంకా నెమ్మదిగా వెళ్తే బాగుండుననిపించింది. ఇంటికి చేరేసరికి అమ్మమ్మ మావయ్యకు పెరుగన్నం తినిపిస్తోంది. ఉత్తరం చదివి వినిపించి, తప్పు నాదని చెప్పేసి, అక్కడే గుమ్మంలో చతికిలబడ్డాను. అమ్మమ్మ కంచం కింద పెట్టేసింది. మావయ్య మాత్రం అట్ట తెమ్మని కళ్ళతో చూపించాడు. ఈసారి అక్షరాలు నన్నే చదవమన్నాడు. పుల్ల ఆనిన చోటల్లా పైకి చదువుతూ పోయాను.

నేను పిలిచేది అమ అనే.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆయన పిలుపు వింటూనే ఉన్నాను. ఆయన నోట అది "అమ" అనే పలుకుతుంది, మకారం మీద మకారం ఆ నాలుకకు తిరగదు. అది ఒక మాటని నాకు ఏనాడూ తోచలేదు. పుల్ల మళ్ళీ కదిలింది.

ఒతు నా నోట లేదు. నా రాతలో ఎందుకు.

చిన్న అట్ట చూసినప్పుడల్లా ఆయన తల ఎందుకు తిప్పుకునేవాడో అప్పుడు తెలిసింది. చెయ్యి ఆడక వదిలేశాడని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. తను ఎలా మాట్లాడతాడో అలాగే రాయాలని, ఒత్తు లేని మాటల కోసం రోజుల తరబడి వెతుక్కుని, దొరకని చోట ఒత్తును తన నోరు వదిలినట్టే వదిలేసి, ఆయన కావాలనే ఆ దారి పట్టాడు. నేను ఏడుస్తుంటే మావయ్య నవ్వాడు. నవ్వి, ఇంకొక్క మాట చూపించాడు. గుడివాడ పోదాం.

అమ్మమ్మ ససేమిరా అంది. "నలుగురిలో కూర్చోబెట్టి వాణ్ణి పరీక్ష చేస్తారంటే నేనొప్పుకోనే. పుస్తకం లేకపోతే పోయింది. అవనిగడ్డ ఆస్పత్రి దాటి ఎరగని మనిషి."

మావయ్య పుల్లతో అదే మాట మీద కొడుతూనే ఉన్నాడు.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున, మాష్టారికి ముందే కబురు పంపి, ఊళ్ళో తెలిసినవాళ్ళ జీపులో పరుపు వేసి, కూచిపూడి, పామర్రు మీదుగా ఆయన్ని గుడివాడ తీసుకెళ్ళాం. ఒక బడి హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. జీపులోంచి ఎత్తుకుని దింపుతుంటే కొందరు చూపు తిప్పుకున్నారు, కొందరు తిప్పుకోకుండా చూశారు. మాష్టారు చేతులు జోడించి ఎదురొచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు, అనుమానం వస్తే దాచుకోలేని మనిషి, అంతే. అమ్మమ్మని, నన్ను వెనక వరసలో కూర్చోమన్నారు. అమ్మమ్మ కొడుకు పక్కన లేకుండా అంత దూరంలో కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. నా చెయ్యి పట్టుకుంది, ఆ పట్టుకు నా గాజు ఒకటి చిట్లిపోయింది.

మాష్టారు అట్టను తన ఒళ్ళో పెట్టుకుని, "ఏమీ అనుకోకు నాయనా. మీది సముద్రం పక్క ఊరు కదా. సముద్రం మీద నాలుగు ముక్కలు చెప్పు," అన్నారు.

సముద్రం అన్న మాటలోనే ఒత్తు ఉంది. మావయ్య కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపయిందో చెప్పలేను. ఎవరో దగ్గారు, ఒక కుర్చీ కిర్రుమంది, ఆ తర్వాత అదీ లేదు. అప్పుడు పుల్ల కదిలింది. మాష్టారు ఒక్కొక్క అక్షరమే పైకి చదువుతుంటే, ఇంకొకాయన నల్లబల్ల మీద రాస్తూ వచ్చారు. క, డ, లి. అమ్మమ్మ పట్టు కొంచెం సడలింది.

కడలి నా లాగే
ఒక మాట అనబోయి
తీరాన విరిగి

అక్కడికి అరగంట పైనే పట్టింది. ఒక్కరూ లేవలేదు. చివరి పాదం మొదలైంది. మ, ళీ. మాష్టారు అలవాటుకొద్దీ "మళ్ళీ" అనబోయి, నోరు తెరిచి, ఆగిపోయారు. అట్ట వంక చూశారు, మావయ్య వంక చూశారు. తర్వాత నిదానంగా, మా మావయ్య పలికినట్టే, "మళీ" అని చదివారు.

మళీ మొదలు

మాష్టారు లేచి, అట్టను పక్కన పెట్టి, మావయ్య చేతిని, ఆ కట్టిన పుల్లతో సహా, తన రెండు చేతుల్లోకి తీసుకుని, "నాది తొందరపాటు. ముందుమాట రాస్తాను, రాయనిస్తావా?" అని అడిగారు. మావయ్య ఏదో అన్నాడు. హాలంతా వెనక్కి తిరిగి అమ్మమ్మ వంక చూసింది. "రాయమంటున్నాడండీ. ఒత్తులు మీ ఇష్టమంట," అంది అమ్మమ్మ, ఏడుపు గొంతుతో. అప్పుడు అందరూ నవ్వారు, చప్పట్లూ అప్పుడే మోగాయి.

తిరుగు ప్రయాణంలో కూచిపూడి దగ్గర టీ కోసం జీపు ఆపాం. మావయ్య అలసిపోయి నిద్రపోతున్నాడు. అమ్మమ్మ గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా చాలాసేపు నిలబడి, "నీకో మాట చెప్పనా?" అంది. "ఇన్నేళ్ళూ నా చేత్తోనే రాశాను కదా. వాడు రెండక్షరాలు చూపించగానే నాకు మిగతాది తట్టేసేది. ఒక్కోసారి భయం వేసేదే, ఈ మాట వాడిదా, నేనే వాడి మీద రుద్దుతున్నానా అని. ఎవరితో అనను? ఇవాళ నేను పక్కన లేను. కడలి అన్నాడు చూడు, ఆ మాట నాకు తట్టలేదు."

మాష్టారి కంటే ముందు నుంచీ ఆ అనుమానాన్ని ఒంటరిగా మోసింది ఆవిడే. టీ చల్లారిపోయాక తాగింది. నాగాయలంక చేరేదాకా జీపులో కొడుకు పాదాలు ఒళ్ళో పెట్టుకుని, ఊళ్ళ పేర్లు చదువుకుంటూ, సంతోషంగా కూర్చుంది.

సోమవారం ప్రెస్సుకు వెళ్ళేసరికి ఓనరుగారు మొదటి ఫారం మళ్ళీ వేయమని చెప్పేసి ఉన్నారు. బాబాయి నేను తగిలించిన ఒత్తులను చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే పీకి గడిలో వేస్తుంటే పక్కన నిలబడి చూశాను. పుస్తకం వచ్చింది. తర్వాత ఇంకో రెండు వచ్చాయి. అమ్మమ్మ పోయాక మావయ్య మా ఇంట్లోనే ఉన్నాడు. రెండు వేల సంవత్సరం దాటాక ఒక పాత కంప్యూటరు కొని పెడితే, కట్టిన పుల్లతోనే మీటలు నొక్కడం నేర్చుకున్నాడు. ఒత్తు ఎలా పెట్టాలో చూపించబోతే, తల పక్కకు తిప్పుకున్నాడు. ఆఖరి నెలల్లో కూడా బాధపడకుండా, చెప్పదలచుకున్నది చెప్పేసిన మనిషిలా, ఒక ఎండాకాలం పొద్దున నిద్రలోనే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు బందరులో ఆ ప్రెస్సు లేదు, చేత్తో అక్షరాలు పేర్చేవాళ్ళూ లేరు. అందుకు నాకేం దిగులు లేదు, బాబాయి వేళ్ళ నలుపు తలుచుకుంటే పోయిందే మేలనిపిస్తుంది. మొన్నామధ్య ఒక కవిత్వ సభకు వెళ్ళాను. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, తర్వాత గంట కొట్టేస్తారు. నత్తి ఉన్న ఒకమ్మాయి రెండో పాదంలో తడబడితే, వేదిక మీది పెద్దాయన పాపం మంచి మనసుతోనే ఆ మాట తను అందించేసి, చప్పట్లు కొట్టించి, కూర్చోబెట్టేశారు. ఆ మాట ఆ అమ్మాయిది అవునో కాదో ఇక మాకెవరికీ తెలియదు. ఆ ఆదివారం గుడివాడలో నలభై మందిమి నాలుగు పాదాల కోసం గంటసేపు కూర్చున్నాం. మాకంత తీరిక ఎక్కడి నుంచి వచ్చిందో, తర్వాత దాన్ని ఎక్కడ పారేసుకున్నామో.